స్థిరమైన బుద్ధితో

చండూరుల ముప్పై ఒక్కేండ్లు దస్తావేజులు రాసిన.
ప్రతి వీలునామా మొదట్ల ఒకటే వాక్యం:
‘స్థిరమైన బుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా,
నా మనస్ఫూర్తిగా రాయించుకొన్నది ఏమనగా—’
రాసి రాసి ఆ వాక్యం నా చేతికి ఎరుక,
నాకు ఎరుక లేదు,
అండాలు వచ్చినదాక.

మర్రిగూడ దిక్కు మనిషి.
అక్కడి బోరునీళ్ళు ఆమెను నడుము కాడ
కొడవలి లెక్క వంచినయి.
నా ముఖం చూడాలంటే ఒళ్ళంత పక్కకు తిప్పాలె.
అట్లనే తిప్పి కూసున్నది.
“చెప్త, నువ్వు రాయి.”

అడగవలసినవి అడిగిన.
ఇయ్యాల ఏ వారమని అడగలే.
(తర్వాత వకీలు ఇదే పట్టుకున్నడు.
మంగళారాన్ని ఎవ్వరూ ఎవ్వరికీ రాసియ్యరు గద.)

ఇది ఏం కాగితం అమ్మా?
“నేనుండంగ పనికిరాదు. పోయినంక పనిజేస్తది.”
ఇంత సక్కగ నాకు పని నేర్పినాయన గూడ చెప్పలే.

నీకేమున్నది?
“ఎకరం ఇరవై రెండు గుంటల చెలక,
మా అమ్మగారు పసుపుకుంకుమల కింద ఇచ్చింది.
బాయిల పావు వంతు.
బాయిల నీళ్ళు లేవు, పావు వంతైతే ఉన్నది.
కాళ్ళ కడియాలు కుదవ పెట్టిన, అవి రాయకు.
సొసైటీల అప్పు పదకొండు వేలు, అది రాయి,
తీసుకునేటోళ్ళకు తెల్వాలె.”

నీ మీద ఆశ ఉన్నోళ్ళెవరు?
వేళ్ళు వంగవు ఆమెకు, మడిచి లెక్కపెట్టరాదు.
బల్ల మీద ఒక్కొక్కటే ఆనించుకుంట చెప్పింది:
“పెద్దోడు సత్తయ్య.
చిన్నోడు పోయిండు, వాని పెండ్లాం, పిలగాడు.”
ఆగింది. నాలుగో వేలు శానసేపు గాలిలనే ఉన్నది.
“సవతి బిడ్డ, భారతమ్మ.”

ఎవరికి రాయాలె?
“భారతమ్మకు.”
ఎందుకని చట్టం అడగమనలే. నేనే అడిగిన.
“పైపు రాకముందు పన్నెండేండ్లు
మూడు మైళ్ళ అవతలికెల్లి నాకు తియ్యనీళ్ళు మోసింది.
అవి ఇంకొంచెం ముందుగాల దొరికితే
నీ ముఖం సక్కగ చూస్తుంటి, బిడ్డా.”

నాలుగేండ్లకు నల్లగొండ కోర్టు.
అండాలు మట్టిల, నేను బోనుల.
పెద్దకొడుకు వకీలు మంచోడే, గొంతు మెత్తన.
“పొద్దుగూకితే ఆమె రెండు గ్లాసులల్ల చాయ్ పోసేది,
రెండోది పెనిమిటి పిచ్చయ్యకు. నిజమా?”
నిజం.
పిచ్చయ్య అన్న పేరు కాడ
వెనక బెంచీల ఎవరో నవ్విండ్రు.
“పిచ్చయ్య చచ్చి అప్పటికి పదహారేండ్లు.”
నిజం.
“అయినా ఆయనతోని మాట్లాడేది.”
మాట్లాడేది. నా ముందర గూడ మాట్లాడింది.
ఇంక చాలన్నట్టు వకీలు కూసోబోయిండు.
జడ్జమ్మ తలెత్తింది.
“ఏమని మాట్లాడింది?”

ఉన్నదే చెప్పిన.
వేలిముద్ర వేసే ముందర
పక్కనున్న ఖాళీ స్టూలు దిక్కు ఒళ్ళంత తిప్పి అన్నది:
“నువ్వు పెద్దోనికే ఇయ్యమంటవ్, నాకెరుకే.
నువ్వున్నన్నాళ్ళు నీ మాట ఇన్న.
ఈ చెలక నాది. ఇయ్యాల ఇనను.”
అని సిరా దిక్కు తిరిగింది.

కొంచెం సేపు ఫ్యాను చప్పుడు ఒక్కటే.
లేనోడు కండ్లకు కనవడుడు వేరు,
లేనోడు చెప్తే చెయ్యి కదులుడు వేరు.
నేనన్నది ఇంతే.
జడ్జమ్మ ఏదో రాసుకున్నది, ఏందో కనవడలే.
తీర్పు వాయిదా పడ్డది. ఇంకా పడుతనే ఉన్నది.

ఆ రాత్రి నిద్ర పట్టక
నా ప్లాటు హద్దులు యాది చేసుకున్న.
తూర్పున రోడ్డు. దక్షిణాన మైసయ్య ఇల్లు.
పడమటి దిక్కు ఎవరో ఎంతకూ తోచలే.
సరే, మనుషులనన్న చూద్దామని
ఆమె లెక్కనే మంచం పట్టె మీద వేళ్ళు ఆనించిన,
నాకు నీళ్ళు మోసినోళ్ళు ఎవరెవరని.
మూడో వేలు కాడ ఆగిపోయిన.

వేళ్ళేమో మంచిగనే వంగుతున్నయి.